క్లాస్ ఏలో మా అంబాసిడర్

అదేంటండీ సురేంద్ర గారూ, రేసు కార్లు చెక్ చేసే పెద్దమనిషి మీరు, వెనక స్ప్రింగులో రెండంటే రెండు కమాన్ పట్టీలు ఎక్కువున్నాయని నా కారుని మార్పులు చేసిన కార్ల క్లాస్ బీలోకి తోసేస్తారా? అవేమన్నా రాకెట్లా?

నేను రేసుల కోసం వేయించినవి కాదండీ అవి. మిరపకాయ బస్తాలు, అవేనండీ టిక్కీలు, మిర్చి యార్డుకి వేసుకెళ్తుంటే బరువుకి వెనక భాగం రోడ్డుని రాసుకుంటోందని, చీమకుర్తిలో లారీ మేస్త్రీ చేత వేయించా. వెనక సీటు పీకిందీ టిక్కీల కోసమే. బరువు తగ్గించానని రాసుకుంటారేంటి? సీటు తీసేసి ఆరు టిక్కీలు ఎక్కించా. అది తగ్గించడమా?

మీ రూల్ బుక్ చదవలేదనుకుంటున్నారేమో. వారం నుంచీ బైబిల్ పక్కనే పెట్టుకుని చదువుతున్నా. దేవుడు మోషేకి పది ఆజ్ఞలిచ్చాడా, అందులో చెయ్యకూడనివి చాలావరకు రాసిచ్చాడు. మిగతాది మన తెలివికి వదిలేశాడు. మీది రివర్సు! చెయ్యొచ్చని రాసిందే చెయ్యాలి, రాయంది ఏం చేసినా తప్పే. కంపెనీ గేటు దాటినప్పుడు ఎట్టా ఉందో ఇవాళా అట్టాగే ఉండాలంట, అప్పుడే క్లాస్ ఏ. నేనే అట్టా లేను, కారెట్టా ఉంటదండీ?

టాపు మీద చిల్లులా? అయ్యో, అవి మైకు గొట్టాలు బిగించినవి బాబూ.

ఇరవై రెండేళ్ల నుంచి క్రిస్మస్ క్యారల్స్‌కి మా సంఘం మైకు మోసేది ఈ కారే. ముందు నేను, వెనక పాడుకుంటూ ఊరంతా. ఈ ఏడు మా బావమరిది మార్కు కూడా ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. కొన్నవాడు ఊరుకోవచ్చుగా? మైకు ఇకనుంచి తన కారుకే కట్టాలన్నాడు. సంఘ పెద్దలు రెండు వారాలు కొట్టుకున్నారు. పాస్టర్ గారికి బీపీ పెరిగింది. ఈలోపు మీ క్లబ్బు వాళ్ళు వచ్చి, మూతబడ్డ నూలు మిల్లులో పాత కార్ల రేసని గోడల మీద కాగితాలు అంటించారు. ఇంకేముంది, క్లాస్ ఏలో ఎవరు ముందొస్తే వాళ్ళదే మైకు అని తీర్మానం చేశారు. మినిట్స్ పుస్తకంలో ఎక్కించారు కూడా!

ఇప్పుడు నన్ను బీలోకి తోశారనుకోండి, ఏలో వాడొక్కడే మిగుల్తాడు. ఒక్కడే పరిగెత్తి ఒక్కడే ఫస్టొస్తాడు. నేనేమో ఆ గుంటూరు కుర్రాళ్ళ కార్ల వెనక పొగ పీల్చుకుంటూ తిరగాలి.

నవ్వకండి. నాకు పాట రాదండీ. ప్రార్థన చెయ్యమంటే పక్కవాణ్ణి ముందుకి తోస్తా. సంఘంలో క్రీస్తుదాసు అనేవాడొకడున్నాడని జనానికి గుర్తొచ్చేది ఆ మైకు వల్లే. అది పోతే నన్నెవరు పిలుస్తారు? నిజంగా భయంగా ఉందండీ.

ఏంటీ? పట్టీలు ఊడదీసి సీటు పెట్టేస్తే ఏలోనే ఉంచుతారా? మరి చిల్లులో? తుప్పు చిల్లుల్లో కలిపేస్తారా! మీరు నూరేళ్ళు చల్లగా ఉండాలి సార్. ఒరేయ్ ఏసోబూ, ఎందుకైనా మంచిదని నీ ఆటోలో సీటు తెచ్చావుగా, దింపు. జాకీ కూడా అందుకో. మా సంఘం కుర్రాడేనండీ.

హమ్మయ్య. రెండు గంటలు పట్టింది, నడుం విరిగింది. చూసుకోండి, కంపెనీ వాడు చూసినా కన్నీళ్ళు పెట్టుకుంటాడు.

సంతకం పెట్టేశారా? అయితే ఇప్పుడు నా మాట ఒకటి. పొద్దున మీ బల్ల మీద పేరు లేని కంప్లెయింటు కాగితం ఒకటి పడింది చూడండి. అది రాసింది నేనే. మీ రూల్ బుక్ నలభై మూడో పేజీ, బంకు పెట్రోల్లో ఇంకేదీ కలపకూడదు. మార్కు ట్యాంకులో కొబ్బరినూనె ఉంది!

ఎట్టా తెలుసంటే, మా ఆవిడ సంతోషకుమారి వాడికి సొంత అక్క. నిన్న పాస్టర్ గారి దగ్గర నూనె సీసా మీద ప్రార్థన చేయించుకుని తమ్ముడింటికెళ్ళింది. మా వాళ్ళంతేనండీ. బోరు పడకపోయినా, గేదె పాలివ్వకపోయినా ప్రార్థన నూనె రాస్తారు. ఈవిడకి రాస్తే తృప్తి ఉండదు, పోస్తుంది. తిరిగొచ్చేసరికి సీసా సగం ఖాళీ. నేను కళ్ళారా చూశా.

మిషన్లెందుకండీ, తెల్లకాగితం మీద చుక్క వెయ్యండి. పెట్రోలైతే ఎగిరిపోద్ది. నూనె ఉంటే మరక మిగులుద్ది. అదిగో! చూశారా మరక? ఒరేయ్ మార్కూ, అయిపోయిందిరా నీ పని!

ఏంటండీ? ఒకడిది చూస్తే ఆ క్లాసులో అందరిదీ చూడాలా? చూడండి, నాకేం భయం! నిన్న సాయంత్రమే బంకులో కొట్టించా.

నా చుక్క ఆరుద్ది. ఆగండి.

కాస్త ఎండలోకి పెట్టండి. గాలి లేదుగా, అందుకే. ఇంకో కాగితం తీసుకోండి, ఇది నాసిరకంలా ఉంది.

సంతోషా! ఇట్టా రా. సీసాలో మిగిలిన సగం ఏదే?

విన్నారా అండీ? ఒకడు మొగుడు, ఒకడు తమ్ముడు, ఇద్దరిలో ఎవరూ ఓడిపోకూడదని చెరి సగం పోసిందంట. తేడా రాకుండా సీసా మీద గీత కూడా పెట్టుకుందంట! ఇప్పుడు ఎవరూ ఓడిపోలేదుగా. ఇద్దర్నీ పోటీకి రానివ్వకుండా కొట్టేస్తున్నారుగా మీరు. దీని ప్రార్థన దేవుడు ఇంత గట్టిగా ఎప్పుడూ వినలేదండీ.

సరే, పేర్లు కొట్టేయండి. రూలంటే రూలే.

ఒక్కటి చెప్పండి సార్. నేనా కాగితం రాయకపోయుంటే మీరు పెట్రోలు చూసేవాళ్ళా?

అసలు ఎప్పుడూ చూడరా?

ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సిందండీ.

ఒరేయ్ ఏసోబూ, అట్టా నిలబడి చూస్తావేంరా? నీ ఆటో టాపు ఎంత వెడల్పుందో కొలువు. మైకు గొట్టాలు నేనే బిగిస్తాలే. ఎక్కడ చిల్లులు పెట్టాలో నాకంటే ఎవడికి తెలుసు?