పడవల దగ్గర ఒక్క మనిషి

"కళ్లజోడు ఎక్కడెట్టినానో కనపడ్డం నేదు మావా. తరవాత సదువుతాను."

"నీ నెత్తి మీదే ఉన్నాది."

"సేతులు నీసు. కాయితం పాడైపోతాది."

"కడుక్కో. నాను కూకుంటాను."

కృపానిధి పీట లాక్కుని గుమ్మం పక్కనే కూర్చున్నాడు. కళింగపట్నం రేవు నుంచి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా మంచినీళ్లు అడగలేదు. అతని భార్య ఎలీసమ్మ పెరటి గట్టు మీద కవళ్ల చేపలు తోముతోంది. తోమేసిన చేపనే మళ్లీ తోముతోంది. అతను అది చూశాడు.

"ఎవలిచ్చినారు ఈ కాయితం?"

"రాబర్ట్ బాబు."

"ఆ బాబుతో నీకు మాటల్నేవు గదా."

"ఈ పొద్దు మాటాడినాను."

"ఏటన్నాడు?"

"ముందు నువ్వు సదువు. ఆ బాబు ఏటన్నాడో తరవాత సెప్తాను."

వంశధార సముద్రంలో కలిసే చోట తెరచాప పడవల క్లబ్బు ఒకటి ఉంది. శ్రీకాకుళం డాక్టర్లు, రాజాం వ్యాపారులు, కాలేజీ లెక్చరర్లు ఆదివారం ఆదివారం వచ్చి నది మీద పడవలు నడుపుకునే చోటు అది. అక్కడున్న పద్నాలుగు ఫైబరు పడవలకీ ఇరవై ఆరేళ్లుగా మంచీ చెడ్డా చూసింది కృపానిధే. అడుగున బీట పడితే అతికేది, తాళ్లు మార్చేది, తెరచాపల చిరుగులు కుట్టేది అతనే. గాలి పెరిగితే ఏ పడవ ఎటు ఒరుగుతుందో సొంతదారులకన్నా అతనికే బాగా తెలుసు. క్లబ్బు కార్యదర్శి రాబర్ట్ రిటైరైన ఇంజనీరు. ఇద్దరిదీ ఒకే బాప్టిస్టు సంఘం. హోదాలు ఎంత వేరైనా చర్చిలో ఒకే బెంచీ.

లాక్‌డౌన్ వచ్చినప్పుడు పడవలన్నిటినీ ఒడ్డెక్కించి టైర్ల మీద బోర్లించారు. గేటుకి నియమాల కాగితం అంటించారు. సభ్యులెవరూ లోపలికి రాకూడదు. ఏ పడవా నీళ్లలో దించకూడదు. పడవల బాగోగులు చూడడానికి ఒక్క మనిషే ఉండాలి, ఆ మనిషి లోపలే వండుకుని లోపలే పడుకోవాలి. వారానికోసారి టార్పాలిన్లు తీసి గాలాడనివ్వాలి, ఫోటోలు తీసి ఎవరి పడవ ఫోటో వాళ్లకి పంపాలి.

ఆ ఒక్క మనిషీ తనేనన్న విషయంలో కృపానిధికి అనుమానమే కలగలేదు. అర్జీ పెట్టుకోవాలంటే పెట్టుకున్నాడు. కూతురు బేబీకి పెళ్లయ్యాక ఇంట్లో మిగిలింది ఇద్దరే, చెబితే ఎలీసమ్మ ఒప్పుకోదని చెప్పకుండానే పెట్టుకున్నాడు. పది రోజులు కబురు కోసం చూశాడు. పదకొండో రోజున భావనపాడు నుంచి వచ్చిన అప్పలసూరి, చాపా దుప్పటీ చంకన పెట్టుకుని ఆ గేటు లోపలికి వెళ్లాడు.

ఎందుకిలా చేశావని రాబర్ట్‌ని అడగలేదు. అడిగి చులకన కావడం అతనికి ఇష్టం లేదు. తనని పిలవనందుకు కాదు, పిలవడం లేదని ఒక్క మాటైనా చెప్పనందుకు కడుపు మండిపోయింది. చర్చి మళ్లీ తెరిచాక బెంచీ మారాడు. రాబర్ట్ చెయ్యి చాపితే చూడనట్టు తల తిప్పుకున్నాడు. రాబర్ట్ తల్లి చనిపోతే సమాధిలో మట్టి వెయ్యడానికి కూడా వెళ్లలేదు. పదిహేడు నెలలు వాళ్ల వలా వీళ్ల వలా బాగు చేస్తూ గడిపాడు. పొద్దు వాలేవేళకి ఏటి ఒడ్డున నిలబడి, కంచె అవతల అప్పలసూరి గరుకు కాగితంతో పడవల్ని అడ్డదిడ్డంగా రుద్దుతుంటే చూసి, ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసేవాడు.

ఇప్పుడు ఆంక్షలు ఎత్తేశారు. పడవలు మళ్లీ నీళ్లలో దించుతున్నారని విని, ఇంక ఉండబట్టలేక ఈ ఉదయం వెళ్లాడు. ఇన్నేళ్ల మనిషిని ఎందుకు వదిలేశావని రాబర్ట్‌ని ముఖం మీదే అడిగాడు.  రాబర్ట్ బీరువా తెరిచి, ఫైలులోంచి ఈ కాగితం తీసి చేతిలో పెట్టాడు. లాక్‌డౌన్ మొదట్లో తను రాజాంలో కూతురింట్లో ఇరుక్కుపోయానని, అర్జీలన్నీ కొత్త గుమాస్తా చూశాడని, తన దాకా వచ్చింది ఈ ఉత్తరం ఒక్కటేనని చెప్పాడు.

"రానని నువ్వే కదా కృపా రాసింది," అన్నాడు. "మా అమ్మ పోయినా రాలేదు. నీకు నేనేం అన్యాయం చేశానో తెలీక ఇన్నాళ్లూ తన్నుకుంటున్నాను."

ఎలీసమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. కళ్లజోడు కిందికి దించుకుంది. చర్చిలో వాక్యం చదివినట్టు, ఆగాల్సిన చోట ఆగుతూ చదివింది.

"'అయ్యా, నేను పడవల దగ్గర ఉండలేను. నాకు ఇష్టం లేదు. నా కోసం మనిషిని పంపవద్దు. ఇట్లు, కృపానిధి.' సదివినాను."

"ఎవలు రాసినారు?"

"కింద నీ పేరే ఉన్నాది."

"నా పేరు నాకు తెల్దా? సెయ్యి ఎవలదని అడుగుతన్నాను."

"అప్పలసూరి రాసుంటాడు. ఆడికే గదా లాభం."

దారి పొడుగునా కృపానిధి కూడా అదే అనుకోవాలని చూశాడు. కాని స్త్రీల ప్రార్థన కూటానికి వారం వారం పాటల చీటీ రాసే చెయ్యి అది. పొందూరు మిషను బడిలో నేర్చిన గుండ్రటి రాత, ప్రతి మాట చివరా చిన్న కొక్కెం. పదేళ్లుగా ఆ చీటీలు అతని చొక్కా జేబులోనే చర్చికి వెళ్తున్నాయి. కాగితం ఫైలులోంచి బయటికి వస్తుండగానే పోల్చుకున్నాడు. పోల్చుకుని, కాదు కాదని చెప్పుకుంటూ ఇంటిదాకా వచ్చాడు.

"ఎలీసా."

"ఏటి?"

"అప్పలసూరికి రాతే రాదు. ఏలిముద్ర ఏస్తాడు."

ఆమె కాగితాన్ని మడత మీద మడత పెట్టింది. మళ్లీ విప్పింది.

"నానే రాసినాను."

"ఏల?"

"బయమేసినాది. ఆ జొరానికి మనుసులు అలాగ రాలిపోతంటే..."

"అప్పటికి మన పక్కన ఒక్కడికీ రాలేదు. ఉత్తరమ్మీద తారీకు సూడు."

"టీవీలో సూపించినారు గదా."

"బయమైతే నాతో సెప్పాలి."

"సెప్తే ఇంటావా నువ్వు?"

"నాను ఆ బాబుని తిట్టుకుంటా ఉంటే ఇక్కడే కూకుని ఇన్నావు. రోజూ ఇన్నావు."

"ఇన్నాను."

"ఆ పెద్దామె పోతే ఎల్లనేదు నాను."

"ఎల్లమన్నాను."

"ఎల్లమన్నావు. నిజం సెప్పుంటే పరిగెత్తుకెల్దును."

 కృపానిధికి మే నెల గుర్తొచ్చింది. ఆమెకి జ్వరం తగిలి తొమ్మిది రోజులు మంచం దిగకపోతే జావ కాచి పోశాడు, చిక్కుపడిన జుట్టు దువ్వి జడ కూడా వేశాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క రాత్రయినా చెప్పి ఉండొచ్చు. రాబర్ట్ మోసం చేశాడనుకున్నప్పుడు కోపం వచ్చేది, ఆ కోపంతో లేచి తిరగగలిగేవాడు. ఇప్పుడు ఆ కోపం కూడా లేదు.

"బయటోడు సేస్తే ఓర్సుకుంటాము," అన్నాడు మెల్లగా. "ఒక కంచంలో తిన్నదానివి. నా పేరే దొంగతనం సేసినావు. నా పనీ పోనాది, నా స్నేహమూ పోనాది. ఇన్నాళ్లూ నాను ఎవలి ఇంట్లో ఉన్నాను ఎలీసా?"

ఆమె కళ్లజోడు తీసేసింది. చేపల గిన్నె మీద మూత పెట్టొచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"బయం కాదు మావా. అబద్దమాడినాను."

అతను అర్జీ ఇచ్చిన మర్నాడు జరిగింది చెప్పింది. వీధి చివర ఈశ్వరి ఫోనుకి క్లబ్బు గుమాస్తా కబురు చేశాడట, కృపానిధి ఆధారు కాగితం జత చెయ్యలేదని. అతను రేషను కోసం వెళ్లి వరసలో ఉన్నాడు. దేనికో ఏమిటో తెలియకుండానే ఆ కాగితం వెతికి పట్టుకుని, కొంగు ముక్కుకి చుట్టుకుని ఎండలో నడిచి వెళ్లింది. గుమాస్తా లోపలికి రానివ్వలేదు. అర్జీనే గేటు సందులోంచి బయటికి అందించి, పిన్ను పెట్టి ఇమ్మన్నాడు.

"అప్పుడు తెలిసినాది నాకు, నువ్వు ఎల్లిపోతన్నావని. ఎన్నాళ్లు బాబూ అని అడిగినాను. అంతా తెరిసే దాకా గేటు దాటనివ్వం, అందుకే ఇంట్లో ఎవలూ నేనోళ్లనే తీసుకుంటన్నాము అన్నాడు."

కృపానిధి పీట ముందుకి జరుపుకున్నాడు.

"నువ్వు ఈయనకేటవుతావని అడిగినాడు నన్ను."

"ఏటన్నావు?"

"పక్కింటిదాన్ని అన్నాను. మరేటంటాను? నువ్వు రాసిన అర్జీ నా సేతిలోనే ఉన్నాది."

అతనికి ఆ అర్జీ అప్పుడు కళ్ల ముందుకొచ్చింది. కుటుంబ సభ్యులు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. నియమం అలా ఉంటే తనేం చేస్తాడు, రెండు మూడు వారాల సంగతే కదా అనుకున్నాడు. రాసేశాడు. రేవు దాటేలోపే ఆ మాట మర్చిపోయాడు. మళ్లీ ఈ క్షణం దాకా గుర్తే రాలేదు.

"అది రూలు కోసం రాసినాను ఎలీసా. అలాగ రాయకపోతే నన్ను తీసుకోరు."

"తెలుసు."

"ఒట్టి కాయితమ్మీద మాట అది. నా మనసులో..."

"నీ సేత్తో రాసినావు మావా, ఇంట్లో ఎవలూ నేరని. ఇంట్లో నేని మనిసి తన పేరుతో ఉత్తరం ఎలాగ రాస్తాది? అందుకే నీ పేరుతో రాసినాను."