స్టీరింగు లోపల బొటనవేళ్లు

నా పేరు హన్నా. భర్త పేరు దానియేలు. వయస్సు నలభై మూడు సంవత్సరాలు. వృత్తి టెంట్ హౌస్. నివాసం మట్టెవాడ, వరంగల్. ఎస్సై పద్మలత మేడం అడగ్గా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. నాకు సంతకం చేయడం వచ్చు. అయినా చివర వేలిముద్రే వేస్తాను. ఎందుకో కూడా చెబుతాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, పాలకుర్తి రోడ్డు పక్కన ప్లాట్లు చేసి వదిలేసిన వెంచర్‌లో, రాజేశ్వర్ రావు సార్ మా జీపు నడుపుతూ చేనులోకి దూసుకుపోయారు. ఆయన పాత జీపులు కొని, బాగుచేసి అమ్మే వర్క్‌షాపు యజమాని. ఆయన కుడిచేతి బొటనవేలు విరిగింది. నేను ఆయన్ని చంపబోయానని ఫిర్యాదు ఇచ్చారు. చంపబోలేదు. కానీ ఆ వేలు విరగాలని కోరుకున్నాను. ఇది కూడా రాయండి.

ఆ జీపు ఆయన దగ్గర కొన్నదే. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన పాత ఫోర్ వీల్ బండి. వెనక ట్రాలీ తగిలించి షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు ఊళ్లకు తీసుకుపోయేవాళ్లం. చేన్ల మధ్య పెళ్లిళ్లు పెట్టుకునేవాళ్లకు మా బండి తప్ప వేరేది పోయేది కాదు. కొన్న కొన్నాళ్లకే ఒక జబ్బు బయటపడింది. నలభై దాటిన వేగంలో గుంతలో పడితే స్టీరింగు అటూ ఇటూ కొట్టుకునేది. మెకానిక్కులు దీన్ని వాబ్లింగ్ అంటారు. బండి ఆపేదాకా అది ఆగదు.

నేనూ నా భర్తా బండిని రావు సార్ వర్క్‌షాపుకే తీసుకుపోయాం. ఆయన ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపారు. టక్, టక్ అని చప్పుడు వచ్చింది. పక్కనున్న మెకానిక్ ఏదో చెప్పబోయాడు. రావు సార్ అతని భుజం మీద చెయ్యి వేసి చాయ్ తెమ్మని పంపారు. మాకు ఎంత మర్యాద చేస్తున్నారో అనుకున్నాను. ఆ చాయ్ తాగాను కూడా.

తర్వాత రెండు స్టీరింగ్ స్టెబిలైజర్లు తెచ్చి చూపించారు. చూడడానికి షాక్ అబ్జార్బర్ లాగే ఉంటుంది, కాకపోతే అడ్డంగా పడుకోబెట్టి ఒక కొసను యాక్సిల్‌కు, ఇంకో కొసను చక్రాలను తిప్పే రాడ్డుకు బిగిస్తారు. చక్రాల కుదుపు స్టీరింగు దాకా రాకుండా పట్టుకుంటుంది. ఒకటి ఆయిల్‌ది, సన్నది. ఇంకోటి గ్యాస్‌ది, అంటే ఆయిల్ మీద గ్యాస్ కూడా నింపింది, లావుగా, ఎర్రగా ఉంది. లావుదే వేయించుకోమన్నారు. కింగ్‌పిన్ బేరింగులు, అంటే చక్రాన్ని యాక్సిల్ దగ్గర పట్టుకుని ఉండేవి, ఒకసారి విప్పి చూడమని నా భర్త అడిగాడు. దానికి ఆయన ఇచ్చిన జవాబు నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

“అవి బంగారం లెక్క ఉన్నయి తమ్మీ. గిది ఏస్తే ఊగుడు బంద్. ఫికర్ చెయ్యకు.”

ఊగుడు నిజంగానే బంద్ అయింది. నాలుగు నెలలు బండి గీత గీసినట్టు నడిచింది. ఆ తర్వాత కేసముద్రంలో ఒక పెళ్లి సామాను దించి నా భర్త పొద్దున పదకొండు గంటలకు తిరిగి వస్తున్నాడు. స్టెబిలైజర్ నుంచి ఆయిల్ ఎప్పటి నుంచో కారిపోతోంది, మాకు తెలియదు. గుంతలో పడగానే స్టీరింగు చేతుల్లోంచి గింజుకుంది. బండి కల్వర్టుకు కొట్టుకుంది. నా భర్త తల పగిలింది. రెండు బొటనవేళ్లూ విరిగాయి. రెండూ.

బండిని రావు సార్ వర్క్‌షాపుకు లాక్కుపోయారు. దవాఖానకు ఆయన రాలేదు. నా భర్తను కళ్లతో చూడలేదు. అయినా దానియేలు తాగి నడిపాడని వచ్చినవాళ్లందరికీ చెప్పారు, పోలీసులకూ చెప్పారు. నా భర్త వాంగ్మూలం కోసం ఒక కానిస్టేబుల్ దవాఖానకు వచ్చాడు. సంతకం చేయలేడు, వేలిముద్ర వేయలేడు, రెండు చేతులకూ కట్లు. మళ్లీ వస్తానని పోయాడు, రాలేదు. అలా రావు సార్ మాట కాగితం మీద ఉండిపోయింది. నా భర్త మాట నోట్లోనే ఉండిపోయింది.

మేడం, నా భర్త జీవితంలో చుక్క ముట్టలేదు. మా చర్చి సంఘంలో ప్రభుబల్ల రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారం, పళ్లెం పట్టుకుని వరుస వరుసకూ తిరిగేది ఆయనే. తాగినవాడు సంఘం ముందు నిలబడి ఒప్పుకునేదాకా రొట్టె ఇవ్వకూడదని మా దగ్గర కట్టుబాటు. సంఘ పెద్ద సుదర్శన్ అన్న ఇంటికి వచ్చి, ఒప్పుకుంటే అయిపోతుంది కదా అన్నాడు. నా భర్త మెల్లగా ఒకటే చెప్పాడు.

“చెయ్యనిది చేసిన అంటే, గప్పుడు నిజంగనే పాపం చేసినోన్ని అయిత గదన్నా.”

ఎనిమిది నెలలు. ప్రతి ఆదివారం చివరి వరుసలో, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. వంకరగా అతుక్కున్న వేళ్లతో షామియానా తాడు ముడి కూడా వేయలేడు. పళ్లెం ఆయన ముందు నుంచి పోయేది. ప్రభువు చూసుకుంటాడని నాతో అనేవాడు. ప్రభువు చూసుకునేదాకా నేను ఆగలేకపోయాను.

బండిని నేను వేరే షెడ్డులో కుమారస్వామి అనే మెకానిక్ దగ్గర వేశాను. అతను ముందు చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్, టక్. ఆ చప్పుడు వినగానే నాకు ఆ రోజు తాగిన చాయ్ గొంతులోకి వచ్చినట్టయింది. కింగ్‌పిన్ బేరింగులు పోయి చాలా రోజులైందనీ, ఇది చేత్తో ఊపిన ఎవరికైనా తెలుస్తుందనీ అతను చెప్పాడు. స్టెబిలైజర్ జబ్బును కప్పిపెడుతుందే గానీ నయం చేయదట. బేరింగులు బాగుంటే అది లేకపోయినా బండి సీదా పోతుందట. బొటనవేళ్ల సంగతి అడిగితే, పాత జీపు స్టీరింగు ఎదురు తన్నితే లోపల పెట్టిన వేళ్లు విరుగుతాయనీ, తెలిసినవాళ్లు బొటనవేళ్లు బయటే పెట్టుకుంటారనీ చెప్పాడు. తాగినందుకు విరిగిన వేళ్లు కావవి.

బాడీ సరిచేయమన్నాను. ముందు యాక్సిల్ మాత్రం ముట్టుకోవద్దన్నాను. కుమారస్వామి వద్దని మొత్తుకున్నాడు. తర్వాత చేయిస్తానని అబద్ధం చెప్పాను. ఇందులో అతని తప్పు లేదు.

కొత్త స్టెబిలైజర్ నేనే పోయి ఏరి కొన్నాను. గ్యాస్‌ది స్టీరింగును ఒక పక్కకు నెడుతుందని నా భర్త చెబితే ఆయిల్‌ది తీసుకున్నాను. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు దాని రాడ్డు సగం బయట, సగం లోపల ఉండాలి, లేకపోతే మలుపులో అందదు. కొలిచి పట్టీ బిగించాను. రెండు పక్కలకూ చివరిదాకా తిప్పి చూశాను. నా భర్త పక్కన కూర్చుని చెప్పాడు, నేను పానా తిప్పాను. బేరింగులు కూడా మార్పిద్దామని ఆయన అంటే, ముందు ఇది కానీ అన్నాను. నా మనసులో ఏముందో ఆయనకు తెలియదు. చేతికి గ్రీజు అంటుకున్న కొద్దీ నాకు హాయిగా ఉండింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

జీపు అమ్ముతానని కబురు పెట్టాను. రావు సార్ ఇద్దరు స్నేహితులతో వచ్చారు. సాక్షిగా ఉండమని సుదర్శన్ అన్నను పిలిచాను. ఆ వెంచర్ నేనే ఎంచాను. రోడ్డు తిన్నగా ఉంది, మనిషి సంచారం లేదు, రెండు పక్కలా దున్నిన మెత్తటి నేల. చంపాలనుకుంటే కాజీపేట పెద్ద రోడ్డు మీద లారీల మధ్యకు పంపేదాన్ని.

రావు సార్ మొదట స్టెబిలైజర్‌తోనే నడిపారు. బండి ఊగకుండా సీదా పోయింది. దిగి, బండి తన చేతి పని అనీ, అందులో ఏ లోపమూ లేదనీ, తాగుడే కొంప ముంచిందనీ సుదర్శన్ అన్నతో అన్నారు. నా భర్త ఎదురుగానే అన్నారు.

నేను పానా తీసుకుని బండి కిందికి దూరాను. అందరి ముందూ రెండు నట్లు విప్పి స్టెబిలైజర్ బయటికి తీశాను. బండి బాగుంటే ఇది లేకపోయినా సీదా పోవాలి కదా అని అడిగాను. స్నేహితులు చూస్తున్నారు. పోతుందని రావు సార్ అన్నారు. అప్పుడు నేను చెప్పిన మాట ఇది, సుదర్శన్ అన్నను అడగండి.

“సార్, దీన్ని తీసేసిన. ఊగుతదని చెప్తాన. జర నిమ్మళంగ నడుపుండ్రి.”

ఆయన నవ్వి సీట్లో కూర్చున్నారు. స్టీరింగు పట్టుకున్నారు. రెండు బొటనవేళ్లూ లోపల పెట్టారు. నేను చూశాను. ఊగుతుందని చెప్పాను గానీ వేళ్లు బయట పెట్టుకోమని చెప్పలేదు. మర్చిపోయి కాదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రాయండి.

సగం దూరం పోయాక ముందు చక్రాలు పిచ్చిపట్టినట్టు కొట్టుకున్నాయి. జీపు చేనులోకి దిగి ఆగింది. అందరికంటే ముందు పరుగెత్తింది నా భర్త. రావు సార్‌ను దింపి, తన తువ్వాలు చింపి, ఒక పుల్ల పెట్టి ఆ వేలికి కట్టు కట్టాడు. వంకర వేళ్లతో ముడి పడక పళ్లతో లాగాడు. నేను స్టెబిలైజర్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఒక్క అడుగు వేయలేదు. అప్పుడు రావు సార్ అన్నది నేను విన్నాను, సుదర్శన్ అన్న విన్నాడు, ఆయన స్నేహితులూ విన్నారు.

“గింత అయితదనుకోలే దానియేలూ. బేరింగులు పోయినయని నాకు గప్పుడే ఎరుక.”

ఇప్పుడు అనలేదంటున్నారట. ఆయన ఫిర్యాదు మీద ఎడమచేత్తో గీసిన సంతకం ఉంది. వేలు విరిగినా ఆయన మాట మీరు రాసుకున్నారు. నా భర్త మాట కూడా ఇప్పుడు రాసుకోండి. బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

రాబోయే ఆదివారం ప్రభుబల్ల. పళ్లెం మళ్లీ దానియేలే పట్టుకోవాలని సుదర్శన్ అన్న ఇంటికి వచ్చి చెప్పాడు. నేను చేసింది తప్పని సంఘం ముందు ఒప్పుకుంటే నాకూ రొట్టె ఇస్తామన్నాడు. తప్పే. కానీ నాకు బాధ లేదు, లేని బాధ ఉందని చెప్పలేను. చెప్పులు విడిచే చోట ఆయన జాగా ఖాళీ అవుతుంది. అక్కడ నేను కూర్చుంటాను.

నేను చెప్పినది చెప్పినట్టే రాశారు. చదివి వినిపిస్తే విన్నాను. ఇందులో తీసేయాల్సిన మాట ఒక్కటీ లేదు. ఒక్క వేలు చాలంటున్నారు. ఆ రోజు నా భర్త వేయలేకపోయినవి రెండూ నేను వేస్తాను. నావి రెండూ బాగున్నాయి.

హన్నా, భర్త దానియేలు
ఎడమ బొటనవేలి ముద్ర. కుడి బొటనవేలి ముద్ర.