అతిథి అడగలేని మాటలు

అధ్యక్షత వహించిన మా హోటల్ యజమాని జయచంద్రగారికి, వేదిక మీదున్న పెద్దలకు, పుంగనూరు నుంచి నా కోసం వచ్చిన బంధువులకు, పొయ్యి సిమ్‌లో పెట్టి వచ్చి తలుపు దగ్గర నిలబడి వింటున్న వంటింటి మిత్రులకు, ఈ రోజుతో ఉద్యోగానికి సెలవు చెబుతున్న మీ ట్రైనర్ తాహెరా నమస్కారాలు, సలాములు. ఇందాకటి నుంచి మీరంతా నన్ను పొగుడుతుంటే ముందు వరసలో మా ఆయన వహాబ్‌గారు ఆశ్చర్యపోతున్నారు. తడి తువ్వాలు మంచం మీద వేయొద్దని ఇంట్లో ఈయనకూ ఏళ్ల తరబడి ట్రైనింగ్ ఇస్తున్నాను. ఆ ఒక్క బ్యాచ్ మాత్రం పాస్ కాలేదు. (నవ్వులు)

కరోనా తర్వాత మన మదనపల్లె హోటల్ మళ్లీ తెరిచినప్పుడు పాతవాళ్లు చాలామంది రాలేదు. వచ్చిన కొత్త పిల్లల్లో ఎక్కువమంది కూలికి పోయే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. నమస్కారం పెట్టడం, దుప్పటి మడత పెట్టడం త్వరగానే నేర్చుకున్నారు గానీ, ఎప్పుడూ హోటల్లో బస చేయని మనిషికి బస చేసేవాళ్ల ఇబ్బంది ఎలా తెలుస్తుంది? అందుకే కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఒక రోజు గదిలో అతిథిగా ఉండాలని జయచంద్ర సార్‌ను అడిగాను.

"యాలమ్మా ఇదంతా? గెస్టులకియ్యాల్సిన రూములో మనోళ్లే పండుకుంటే యాపారం జరిగినట్టే!" అన్నారు. అన్నారు గానీ ఒప్పుకున్నారు. (చప్పట్లు)

పెద్దతిప్పసముద్రం దగ్గరి పల్లె నుంచి వచ్చిన హేమలత, అదిగో అక్కడ తల వంచుకుని కూర్చుంది, తన వంతు వచ్చిన రోజు గదిలో కుర్చీ ఉన్నా కూర్చోలేదు. కాఫీ తెచ్చిన మన రూమ్ బాయ్ హరీష్ చేతిలోంచి ట్రే లాక్కోబోయింది. సాయంత్రం ఎలా ఉందమ్మా అని అడిగితే, "అక్కా, ఆ కొళాయి యాతట్టు తిప్పాలో తెలీలా. అడిగితే నవ్వుతారని సన్నీళ్లే పోసుకుంటి" అంది. నాకు ఆ ఒక్క మాటతో చాలా తెలిసింది. అతిథికి కావలసినవాటిలో సగం నోరు తెరిచి అడగలేనివే.

కొంతకాలానికి గంగవరం వైపు నుంచి పెద్దమ్మ అనే ఆమె వచ్చింది. భర్త పాపయ్యను ఈ ఊరి ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు, తోడుగా ఎవరినీ ఉండనివ్వడం లేదు. బంధువు ఒకతను ఆమెకు గది తీసి ఇచ్చి పనికి వెళ్లిపోయాడు. మర్నాడు గది శుభ్రం చేయడానికి వెళ్లిన హేమలతకు పరుపు మీద ముడత కూడా కనిపించలేదు. బుట్టలో ఖాళీ బిస్కెట్ కాగితం, బార్లా తీసిన తలుపు, ఆ తలుపు పక్కన నేల మీద పెద్దమ్మ.

హేమలత కూడా ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. "అమ్మా, తలుపేసుకోని పండుకోలేదా?"

"ఏసుకుంటే ఆస్పత్రోళ్లు పిల్సింది ఇనపడదు కదమ్మా. నా ఫోను నిన్నే సచ్చిపోయ. ఎవుర్నడగాలో తెలీలా."

హేమలత ఆ ఫోను ఛార్జింగ్‌కు పెట్టింది. మన రిసెప్షన్ నంబరు ఆసుపత్రిలో ఇచ్చి, కబురొస్తే గదికి వచ్చి చెప్పమని హరీష్‌ను ఒప్పించింది. వంటింట్లో సంగటి చేయించి తీసుకొచ్చింది. "తినమ్మా, నేనీడనే ఉండాను" అని పక్కనే ఉంది. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ తలుపు వేసుకుని నిద్రపోయింది.

ఆమె నిద్రలో ఉండగానే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయాలి, ఇంటి మనిషి సంతకం కావాలి. హరీష్ పరుగున వెళ్లి తలుపు తట్టి, తన బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. పాపయ్య బతికాడు.

డిశ్చార్జి అయిన రోజు ఆయన ఊరికి పోకముందు ఆటోను మన హోటల్ ముందు ఆపించి, పెద్దమ్మ భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆ గది ఒకసారి చూపించమన్నాడు. చూసి, మా అందరి ముఖాలూ చూసి, "నా పెండ్లాం ఒంటిగుండాదని ఆడ నాకు ఒగటే దిగులు. ఈడ ఇంతమంది ఉండారా!" అన్నాడు.

(నీళ్లు తాగి) నీళ్లు ఇచ్చినందుకు థాంక్స్ హరీష్.

వచ్చే నెల మన కొత్త హోటల్ కుప్పంలో తెరుస్తున్నారు. అక్కడ ట్రైనింగ్ ఇచ్చేది మన హేమలతే. (చప్పట్లు) సంతోషంతో పాటు నాకొక భయమూ ఉంది. అక్కడి పిల్లలకు ఫోన్లో వీడియోలు చూపిస్తే సరిపోతుందని ఎవరో అంటుంటే విన్నాను. వెళ్లిపోయేదాన్ని కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను, జయచంద్రగారూ. కుప్పంలో కూడా ప్రతి కొత్త పిల్లా, పిల్లాడూ ఒక రోజు అతిథిగా ఉంటారా?

"ఉంటారమ్మా! కావాలంటే రాసిస్తా!"

విన్నావా హేమలతా? రాసివ్వక్కర్లేదు సార్, హాలంతా విన్నది. (నవ్వులు) నన్ను ఇన్నేళ్లు సొంత మనిషిలా చూసుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు. మిగిలిన పాఠాలు హేమలత చెబుతుంది, నా కంటే బాగా చెబుతుంది. నాకిక సెలవు.