పదకొండు నిమిషాల ల్యాప్‌టాప్

దుమ్మంటారేమిటండీ, దుమ్ము! మా ఇంటి ల్యాప్‌టాప్‌లో దుమ్మా? రోజూ పొద్దున్నే తడిగుడ్డతో బల్లనీ, పొడిగుడ్డతో దీన్నీ తుడిచేది నేను. మీ కౌంటర్ మీద వేలు పెట్టి గీస్తే నా సంతకం పడుతుంది. మీరు నాకు దుమ్ము గురించి చెప్పడం!

సరే, విప్పారుగా. ఉందా? ఏదీ? ఆ ఒక్క నూలుపోగా? దానికే చతికిలబడుతుందా ఇంత మిషను?

తర్వాతేమిటి, వైరస్సా? మీరందరూ ఒకే బళ్ళో చదివినట్టున్నారు. మా అల్లుడుగారికి ఫోన్ చేస్తే "ఆపేసి మళ్ళీ పెట్టండి అత్తయ్యా" అంటారు. కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం, పదిహేనేళ్ళ సర్వీసు. నేర్చుకున్నదల్లా ఆపడం, పెట్టడం. పక్కింటి లాయరుగారు వచ్చి, కింద గాలాడట్లేదని తేల్చారు. రెండు లావుపాటి పుస్తకాల మీద ఎక్కించి మరీ వెళ్ళారు. ఇదివరకు కింద కూర్చుని మొరాయించేది, ఇప్పుడు ఎత్తు మీద కూర్చుని మొరాయిస్తోంది.

ఎంతసేపు పడుతుందా? బటన్ నొక్కిన దగ్గర్నించి పనికి లొంగేదాకా పదకొండు నిమిషాలు. సుమారుగా కాదండీ, పదకొండే. ముప్ఫై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని. చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని స్పీడు పరీక్షలు పెట్టినదాన్ని. నిమిషమంటే ఎంతో మీరు నాకు చెప్పక్కర్లేదు.

అయ్యో, రెండు వేళ్ళతో కొడుతున్నారేమిటండీ! గోడ మీద చూస్తే మూడు సర్టిఫికెట్లు, అద్దాల ఫ్రేములూ! మిగతా ఎనిమిది వేళ్ళూ సెలవులో ఉన్నాయా? మా దగ్గరైతే మొదటి రోజే ఆ రెండు వేళ్ళ మీదా స్కేలు పడేది. ఏంలెండి, కానివ్వండి.

నేను కాదు, వాడేది మా ఆయన. వారపత్రికకి గళ్ళనుడికట్టు తయారుచేస్తారు. ఓహో, మీరూ పూరిస్తారా? సంతోషం. మాటల్ని తిరగేసి, తోకలు కోసి, గళ్ళల్లో కూర్చోబెట్టడమే ఆయన పని. పొద్దున తొమ్మిదింటికి ఆ గదిలో దూరితే భోజనానికి లేస్తారు. తిని, కాస్త కునుకు తీసి, మళ్ళీ దూరతారు. అంతమంది పాఠకులకి మాటలు పంచిపెట్టే మనిషి, ఇంట్లో నాకు రోజుకి ఇచ్చేవి మూడు. "ఊఁ." "పెట్టు." "చాలు." అందులో ఒకటి మాటే కాదు!

ఇప్పుడేమో రోషం వచ్చింది. రెండు వారాలు ఆలస్యంగా పంపారని ఎడిటరుగారు ఏదో అన్నారట. అంతే, సోమవారం నుంచి లైబ్రరీకి పోతారట! అక్కడి కంప్యూటర్లు ముట్టుకోగానే లేస్తాయట. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్ళి, చీకటి పడే వేళకి వస్తారట. ఈయనకి అరవై ఎనిమిదేళ్ళు, స్కూలు పిల్లాడిలా క్యారేజీ!

అందుకే తెచ్చాను. లేకపోతే నాకేం పనండీ, ఇంత బరువు మోసుకుని మీ మెట్లెక్కడానికి? పైగా జబ్బేమిటో కాగితం మీద రాయించుకు రమ్మన్నారు. నోటిమాట మీద నమ్మకం లేదు, ఆయనకి ఏదైనా అక్షరాల్లో ఉండాలి.

డిస్కు మార్చాలా? నా చెవిలో పూలు పెట్టకండి. డిస్కు నిక్షేపంలా ఉంది. ఎలా తెలుసంటే... ఊరికే, అనిపించింది.

అదేమిటి, ఏదో జాబితా తీశారు? ఆన్ చెయ్యగానే వాటంతటవే లేచి కూర్చునేవా? ఇరవై మూడా?

చదరంగం ఉంటే ఏం, ఎవరో ఆడుకుంటారు. నాలుగు దేశాల వాతావరణమా? తెలుసుకుంటే తప్పా? ఏమిటీ, వైరస్‌కి కాపలా కాసేవే మూడున్నాయా? ఒకదాన్నొకటి దొంగనుకుని సోదా చేసుకుంటున్నాయా? బావుంది సంబడం.

అలా చూస్తారేమిటి? పెద్దదాన్ని, నాకేం తెలుస్తాయి ఇవన్నీ?

ఏ రోజు ఏది ఎక్కిందో కూడా కనిపిస్తుందా అందులో? వేళలతో సహా? అన్నీ మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్యేనా?

ఊఁ. ఆయన కునుకు తీసే వేళ అది.

సరే, ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి.

మొదట్లో ఇది దానంతటదే నెమ్మదించిందండీ, ఒట్టు. నాలుగైదు నిమిషాలు పట్టేది. తెర మీద ఆ చక్రం తిరుగుతుంటే, ఈయన విసుక్కుంటూ వంటింట్లోకొచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఊరికే కూర్చోలేరుగా, బీన్స్ చివర్లు తుంచుతూ ఏదో ఒకటి అనేవారు. ఒకరోజు "ఎదురుచూపు, నాలుగక్షరాలు" అన్నారు. "నిరీక్షణ" అన్నాను, పొయ్యి దగ్గర్నించే. తర్వాతి నుడికట్టులో అడ్డం పదిహేడు! ఆ పేజీ చింపి దాచుకున్నాను. ఈ వయసులో, సిగ్గులేకుండా.

ఇంతలో మా అమ్మాయి ఫోన్‌లో చెప్పింది, ఈ జాబితా తెరిచి టిక్కులు తీసెయ్యమ్మా అని. ఈయన కళ్ళకి అంత సన్నక్షరాలు ఆనవు, నేనే కూర్చుని తీశాను. అర నిమిషంలో లేచి కూర్చుంది. అమ్మాయి సంబరం, అల్లుడుగారి సంబరం. వంటింట్లో స్టూలు ఖాళీ.

వారం రోజులు ఓపిక పట్టాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం టిక్కులు పెట్టేశాను. తీయడం నేర్పితే పెట్టడం నేర్పినట్టేగా? మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఇక ఆశ ఊరుకుంటుందా? ఇంకో రెండు ఎక్కించాను. ఆ పైవారం ఇంకో నాలుగు.

ఎందుకంటే ఆయన తీరు మీకు తెలియదు. మొదటి రెండు నిమిషాలూ దీన్ని తిడతారు. తర్వాత ఎడిటర్ని. ఆ తర్వాత ఎండని, వానని, మోకాళ్ళని. అసలు మాట ఎనిమిదో నిమిషానికి గానీ రాదు. ఇది కాదండీ స్లో, ఆయన!

ఒకరోజు అలాగే, ఎనిమిదో నిమిషంలో, బీన్స్ వంక చూస్తూ అన్నారు. "నీ మిషన్లు పట్టుకెళ్ళిన రోజు నేను కావాలనే ఇంట్లో లేను. చూడలేననిపించింది."

పన్నెండు టైపు మిషన్లండీ. ఇన్‌స్టిట్యూట్ మూసి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు లారీ వెనకాల నేనొక్కదాన్నే నిలబడ్డాను. ఈ మనిషికి గుండె ఉందా అని తొమ్మిదేళ్ళూ తిట్టుకున్నాను. ఏదో అనబోయాను. సరిగ్గా అప్పుడే గదిలోంచి ఇది 'టింగ్' మంది. చేతిలో బీన్స్ పళ్ళెంలో పడేసి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే పెట్టాను, మూడో కాపలావాణ్ణి.

నవ్వితే నవ్వండి గానీ, ఆ జాలి చూపులు మాత్రం వద్దు. నేను జాలిపడే బాపతు మనిషిని కాను, నా మీద పడితే అసలే ఓర్చుకోను.

ఏమిటీ? ఒకటో రెండో ఉంచుతారా? ఉంచితే ఎంతసేపొస్తుంది? రెండు నిమిషాలా! రెండు నిమిషాలకి ఆయన ఇంకా దీన్ని తిడుతూనే ఉంటారు. నాకా తిట్లు కంఠతా వచ్చు.

తీసెయ్యండి. అన్నీ తీసెయ్యండి. లైబ్రరీకి పోయారంటే ఆ పక్కగదిలో దగ్గు కూడా వినపడదు. ఇంట్లో ఉంటే అదైనా మిగులుతుంది.

అయిందా? ఏదీ, నొక్కండి.

తొమ్మిది సెకన్లు. శభాష్.

హయ్యర్ టైపు పరీక్షకి కూర్చునే మా పిల్లలు నిమిషానికి నలభై ఐదు మాటలు కొట్టేవారు. తొమ్మిది సెకన్లంటే వాళ్ళకే ఏడు మాటలు రావు. ఈయనకైతే ఒక "ఊఁ" వస్తుంది. మహా అయితే "పెట్టు."

ఆఁ, కాగితం. మర్చిపోలేదన్నమాట. రాయండి, రాయండి. జబ్బేమిటని రాయాలా?

దుమ్మని రాయండి. ఇల్లు సరిగ్గా తుడవట్లేదని కూడా రాయండి, ఫర్వాలేదు.