తడి ఇసుక బరువు: శ్రీ హర్కధోజ్ లింబు గారి పదవీ విరమణ సందర్భంగా

విక్రమ సంవత్సరం 2044, వైశాఖ మాసం పన్నెండవ తేదీన మన ఖోక్‌లుంగ్ మాధ్యమిక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరిన శ్రీ హర్కధోజ్ లింబు గారు, ముప్పై మూడేళ్ళ నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భాన వెలువడుతున్న అభినందన సంచికకు వారి జీవిత విశేషాలు రాయవలసిందిగా ప్రధానోపాధ్యాయులు నన్ను ఆదేశించారు. సైన్యంలో శ్రీ హర్కధోజ్ గారితో ఒకే రోజున చేరినవాణ్ణి, ఈ పాఠశాల కార్యాలయంలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాను కనుక ఈ పనికి నాకంటే తగినవాడు లేడని ప్రధానోపాధ్యాయుల అభిప్రాయం. నాకంటే తగనివాడు లేడని నా అభిప్రాయం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

శ్రీ హర్కధోజ్ గారు 2017లో, మాజీ సుబేదారు శ్రీ రణధోజ్ గారికి జ్యేష్ఠ పుత్రులుగా జన్మించారు. ఏలకుల బుట్ట వీపున వేసుకుని బజారుకు దిగడం, ఉప్పు మోసుకుని తిరిగి ఎక్కడం, ఇదే వారి బాల్యవిద్య. 2035లో తెల్లవాళ్ళ సైన్యం ఎంపికకు ఇద్దరం వెళ్ళాం. ఇరవై అయిదు కిలోల ఇసుక నింపిన డోకో బుట్టని నుదుటి పట్టీతో వీపున మోస్తూ కొండ ఎక్కాలి. రెండోవాడు శిఖరం చేరేసరికి వీరు తీరుబడిగా కూర్చుని వేయించిన మొక్కజొన్న గింజలు సగం తినేశారు. నేను పదిహేడోవాణ్ణి, నాకు పొట్లం కాగితం మిగిలింది.

హాంకాంగ్‌లో ఆరేళ్ళు కలిసి పనిచేశాం. ఆ కాలంలో మా రెజిమెంటు కొండ పరుగులో వారు వరుసగా మూడుసార్లు ప్రథమ స్థానం పొందారు. నాలుగోసారి గెలిస్తే హవల్దారు పదోన్నతి ఖాయమని పైవాళ్ళే అనేవారు. ఇక్కడ వారి తండ్రిగారు ఆ కబురు కోసం ఊరంతా చెప్పుకుంటూ ఎదురుచూస్తున్నారు.

2041 కార్తీకంలో ఆ పరుగు జరిగింది. పోటీ నియమం చిన్నది: డోకోలో పెట్టే బస్తాలోని ఇసుక బయలుదేరేటప్పుడూ చేరేటప్పుడూ ఇరవై అయిదు కిలోలకు తగ్గకూడదు. మా కంపెనీ తరఫున బయలుదేరే చోట తూకం వేసే గుమాస్తాను నేనే. ముందురోజు వానకు ఇసుక తడిసి ముద్దయింది. తూచితే ఇరవై ఏడున్నర. మావాడు అనవసరంగా రెండున్నర కిలోలు మోయడమెందుకని, వారు బూట్లు బిగించుకుంటుండగా నేను బస్తా మూతి విప్పి, ఎక్కువైన ఇసుక తీసేసి, మళ్ళీ కట్టేశాను. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను. ఇసుక మోసి పెరిగిన కొండవాణ్ణై ఉండీ, తడి ఇసుకలో బరువు నీళ్ళదని నాకు తట్టలేదు.

ఎండ కాసింది. నలభై నిమిషాల పరుగులో నీళ్ళన్నీ బస్తాలోంచి వారి వీపు మీదుగా కారిపోయాయి. వారే మొదట వచ్చారు. తూకం మాత్రం ఇరవై మూడుంపావు చూపించింది. దారిలో ఇసుక పారబోశాడని తేల్చారు. బయలుదేరాక ఎవరూ చూడని మలుపులు చాలా ఉన్నాయి కనుక ఆ మాట అందరికీ నమ్మదగ్గదిగానే తోచింది. అయినా ఒక అధికారి, న్యాయంగా, నన్ను పిలిచి, ఈ బస్తాని తూచాక ఎవరైనా విప్పారా అని అడిగారు. తూకంలో చెయ్యి పెట్టానంటే నా గుమాస్తా పని ఊడుతుంది.

"లేదు సార్," అన్నాను.

శ్రీ హర్కధోజ్ గారు నాలుగడుగుల దూరంలో, చొక్కా తడిసి, రొప్పుతూ నిలబడి ఉన్నారు. నా మొహం కేసి చూశారు. నేను నా బూట్లు చూసుకున్నాను.

మాఘంలో వారు ఆ మచ్చతో సైన్యాన్ని విడిచి స్వదేశం చేరారు. ఉత్తరాల పుణ్యమా అని వారికంటే ముందే వార్త చేరింది. ఆ తరువాత వచ్చిన దశైం (దసరా) పండుగకు తండ్రిగారు ఇంటిల్లిపాదికీ నుదుట పెరుగు కలిపిన తడి బియ్యపు తిలకం పెట్టి దీవించి, పెద్దకొడుకు వంతు వచ్చేసరికి పళ్ళెం పక్కన పెట్టి లేచిపోయారట. అలా నాలుగు దశైంలు గడిచాయి. అయిదోదానికి ఆ పెద్దాయన లేరు.

మన పాఠశాలలో చేరిన కొత్తల్లో, బుట్ట తేలికైతే ఎవడైనా పరిగెడతాడని టీ దుకాణంలో ఊరివాళ్ళు వారికి వినపడేలా అనేవారు. వారు టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మైదానానికి వెళ్ళేవారు. ఆ మైదానంలో తయారైన మన ఆడపిల్లలు జిల్లా డోకో పరుగులో పదకొండుసార్లు గెలిచిన సంగతి పాఠకులకు విదితమే. 2050లో నేను పూర్తి పింఛనుతో, దండలతో తిరిగి వచ్చాను. ఇక్కడ గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయితే, నా చేతిరాత బాగుంటుందని అప్పటి ప్రధానోపాధ్యాయులకు చెప్పి నన్ను చేర్పించినవారు శ్రీ హర్కధోజ్ గారే. చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఒక ముచ్చట చెప్పాలి. ప్రతి పోటీకి వారం ముందు వారు ఇసుకను టార్పాలిన్ మీద పరిచి, పసుపు కొమ్ములు ఆరబెట్టినట్టు రోజూ తిరగేసేవారు. పిల్లలు నవ్వుకునేవారు. ఒకసారి నేనూ, ఏమీ ఎరగనట్టు, ఇదేం చాదస్తం అన్నా అని అడిగాను. "తడి ఇసుక మాట మీద నిలబడదురా," అన్నారు, తల ఎత్తకుండా.

ఈ వ్యాసం రాయమన్న మర్నాడు వారింటికి వెళ్ళాను. వారు పొయ్యి దగ్గర అల్లం చెక్కు తీస్తున్నారు. ఎనభై నాలుగేళ్ళ మాతృమూర్తి పక్కనే, పులిసిన రాగి గింజల్లో వేడినీళ్ళు పోసిన తోంగ్బా గిన్నెతో, గొట్టం నోట పెట్టుకుని కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను. వారు కత్తి ఆపలేదు.

"తెలుసురా. బస్తా మూతికి ఉన్నది నా ముడి కాదు. కాయితాలు కట్టేవాడి ముడి."

"అప్పుడే చెప్పలేదేం అన్నా?"

"నేను చెబితే సాకు అంటారు. నువ్వు చెబితే సాక్ష్యం. వస్తావని చూశాను. మొదటేడు చూశాను, రెండో ఏడు చూశాను. నాన్న పోయాక చూడ్డం మానేశాను." ఇంకో అల్లం ముక్క అందుకుని, "ముప్పై ఆరేళ్ళు పట్టింది నీకు. పరుగుకి నువ్వెప్పుడూ పనికిరావు," అన్నారు.

ఇదంతా సంచికలో రాస్తానన్నాను. రాసుకోమన్నారు, కాని ముందు అమ్మకు చెప్పమన్నారు. ఆమెకు చెవులు సరిగా వినపడవు. అందుచేత నా నేరాన్ని నేను అరిచి చెప్పవలసి వచ్చింది, మూడుసార్లు. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. ఆమె గొట్టం నోట్లోంచి తీసి నా వైపు తిరిగారు.

"అందరూ వెలేసినా నేను మాత్రం వాణ్ణి క్షమించానురా, తిలబిక్రమ్. దొంగపని చేసినా నా కొడుకేగదా అని, రోజూ అన్నం పెడుతూ క్షమించాను. చెయ్యలేదమ్మా అని వాడంటే, సరేలే తిను అనేదాన్ని. ఇప్పుడు వాడేమీ చెయ్యలేదంటున్నావు. మరి నన్నెవరు క్షమించాలి?"

శ్రీ హర్కధోజ్ గారు కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తల్లి పాదాల దగ్గరికి జరిగి నుదురు వంచారు. పండుగ కాదు, తిలకం పళ్ళెం లేదు. ఆమె తన గిన్నెలోని తడి గింజలే నాలుగు తీసి ఆ నుదుట అద్దారు.

సహోద్యోగులారా, కుటుంబ సభ్యులారా, శ్రీ హర్కధోజ్ లింబు గారు ఇసుక పారబోయలేదు. ఈ ఒక్క వాక్యం 2041లో చెప్పి ఉంటే ఆ నుదుట తండ్రి చెయ్యి పడేది. వారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు ప్రాప్తించాలనీ, ఆ తల్లి ఇంకా చాలా దశైంలు వారి పక్కన కూర్చోవాలనీ మనసారా కోరుకుంటున్నాను. నన్ను క్షమించమని ఇక్కడ అడగను. ఆ ఇంట్లో క్షమ కోరే వరస ఒకటి ఇప్పటికే ఉంది, అందులో నాకు ముందు ఒక ముసలి తల్లి నిలబడి ఉంది.