మూడో మీట

మయూర్ విహార్‌లో ఒక ఫ్లాటు. సాయంత్రం ఆరూ నలభై. ఇంటాయన సదాశివరావు, ఆయన భార్య ఛాయాదేవి, ఎవరింట్లో టీవీలో ఏం చూస్తున్నారో లెక్కగట్టే కంపెనీ నుంచి వచ్చిన నిరంజన్.

"అది కాదంకుల్, నేనడిగేది మూడో మీట గురించి."

"నొక్కమన్నది మీరే గదయ్యా. ముప్పై నాలుగేళ్ల ఆడిట్ సర్వీసులో నొక్కేసినవాళ్ల మీద ఎంక్వైరీలు చేశాను గానీ, నొక్కినవాళ్ల మీద ఎంక్వైరీ చూడటం ఇదే."

"నవ్వించకండి అంకుల్, నా పరిస్థితి బాగలేదు. మీ టీవీ కింద మా డబ్బా పెట్టిన నాడే చెప్పిన గద. రిమోట్ మీద ఒకటి మీరు, రెండు ఆంటీ, మూడు మీ అమ్మాయి శరణ్య. ఎవరు టీవీ ముందు కూసుంటే వాళ్లు తమ మీట నొక్కాలె. లేచేటప్పుడు మళ్లీ నొక్కాలె."

"అలాగే చేస్తున్నాం. ఆఫీసు హాజరు కన్నా నిక్కచ్చిగా."

"ఆ నిక్కచ్చితోనే తంటా. ఏడు నెలల నుంచి రోజూ ఏడింటికి ఒకటి, మూడు. ఏడున్నరకి రెండూ బంద్. ఆదివారం లేదు, పండుగ లేదు. ఒకటే తెలుగు ఛానెల్, ఒకటే ఢిల్లీ వార్తలు."

"ఏడింటికి వార్తలు చూస్తాం, ఏడుపు సీరియళ్లు చూడం. సీరియల్ చూడనివాణ్ణి పట్టుకుని ఇంత సీరియస్ అయితే ఎలా?"

"మూడా? ఏమండీ, మూడు నొక్కుతున్నారా మీరు?"

"ఛాయా, నువ్వెళ్లి కాఫీ సంగతి చూడు."

"కాఫీ ఇందాకే ఇచ్చాను. ఆ అబ్బాయి తాగేశాడు కూడా."

"అయితే టీ పెట్టు."

"ఆంటీ ఎందుకట్ల అడిగిన్రు?"

"ఆవిడ ఆ వేళకి వంటింట్లో ఉంటుంది, ఆవిడకేం తెలుసు. నీ సంగతి చెప్పు. ఒక్క ఇంట్లో ఒక్క మీటకి ఇంత రభసేమిటి?"

"ఒక్క ఇల్లు కాదంకుల్. ఢిల్లీల తెలుగు చూసేవాళ్లలో మా డబ్బాలున్న ఇండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ అమ్మాయి కూసుంటే ఆ వయసు ఆడపిల్లలు కొన్ని వేలమంది కూసున్న లెక్క. మిగతా ఊళ్లలో ఆ వయసోళ్లు వార్తలు రాంగనే ఛానెల్ మారుస్తున్నరు. పక్కపక్కన పెట్టి చూస్తే ఢిల్లీల మాత్రం ఎగబడి చూస్తున్నట్టు వచ్చింది."

"నేను నొక్కితే వేలమందా... మేం నొక్కితే అంటున్నా. సర్వీసులో నా సంతకానికి కూడా ఇంత విలువ లేదు."

"తీసేద్దామనుకున్న బులెటిన్‌ని ఆ లెక్క చూసే ఉంచిన్రట."

"అచ్ఛా. ఉంచారా."

"సంతోషపడేది కాదంకుల్. పక్క ఛానెల్ వాళ్లు ఫిర్యాదు పెట్టిన్రు. మా తనిఖీ వాళ్లు వెతుక్కుంట వెతుక్కుంట ఈ ఇంటికి వచ్చిన్రు. ఈ ఇల్లు నా లిస్టులది. ఛానెల్‌తోటి కలిసి నేనే నొక్కిస్తున్నానంటున్నరు."

"నువ్వా? మా ఇంట్లో మంచినీళ్లు తాగడానికి కూడా మొహమాటపడేవాడివి."

"అది రిపోర్టుల రాయరు గద. ఈ రాత్రిలోపు శరణ్యని చూసి, మాట్లాడి, ఫోటో పంపాలె. లేకుంటే రేపు ఐడీ కార్డు ఇచ్చి పొమ్మన్నరు. మొన్ననే వైశాలిని కాపురానికి తోలుకొచ్చిన. ఇంకా తనకు చెప్పలే."

"అమ్మాయి... కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్. మెట్రోలో రద్దీ. ఎప్పుడొస్తుందో."

"రోజూ ఏడింటికి సోఫాల ఉంటది గద. ఇంకో పావుగంట. కూసుంటా."

"ఒక మాట నిరంజన్. ఊరికే అడుగుతున్నా. ఇలా నొక్కినవాళ్లు ఆ ఛానెల్‌లో పనిచేసే మనిషి తాలూకే అయితే?"

"టీవీల పనిచేసేటోళ్ల ఇంట్ల మేం డబ్బానే పెట్టం. మొదటి ప్రశ్నే అది. అట్లాంటోళ్లు లేరని మీరు సంతకం పెట్టిన్రు."

"అప్పటికి లేరు. అంటే, అసలు లేరు. ఒకవేళ అంటున్నా."

"అట్లయితే నా మీద అనుమానం పోతది. కానీ ఆ మనిషి పని ఖతం. తనకి తెలిసి జరిగినా తెలియక జరిగినా ఛానెల్ ముందు తననే బయటికి పంపుతది. ఇంకో ఛానెల్ తీసుకోదు."

"ఇదిగో బాబూ, టీ. ఏడవుతోందండీ."

"టీవీ పెట్టకు ఛాయా."

"ఎందుకు పెట్టొద్దు? పిల్ల పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని నన్నన్నారు. నేను నోరు మూసుకున్నాను. మీరేమో రోజూ దాని మీట నొక్కుతున్నారా?"

"పేరెత్తొద్దన్నరా? అంకుల్, అమ్మాయి ఇక్కడ ఉంటలేదా?"

"సాకేత్‌లో ఉంటోంది, స్నేహితురాళ్లతో. పరీక్షలు రాయమన్నాను. రాయనంది, తనకి నచ్చిన ఉద్యోగంలో చేరింది. గడప దాటితే మళ్లీ రావద్దన్నాను. రాలేదు."

"మరి మీట?"

"చిన్నప్పటి నుంచీ వార్తలు ఇద్దరం కలిసే చూసేవాళ్లం. సోఫాలో ఆ చివర కూర్చునేది. పోనీ, నేనే నొక్కానని రాసిస్తాను. సరిపోతుందా?"

"నమ్మరంకుల్. నేనే మీతోటి రాయించిన్నంటరు. కూతురి మీద బెంగైతే ఎప్పుడన్నా నొక్కుతరు, ఆ ఒక్క బులెటిన్‌కే ఎందుకు నొక్కిన్రు అంటరు. నేనేం చెప్పాలె?"

"టీవీ పెడుతున్నానండీ."

"వద్దన్నానా."

"ఆ అబ్బాయి బతుకు మీ వేలి కింద ఉంది."

"నా వేలి కింద ఇంకెవరున్నారో నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే నేను చెప్పను. మీరే చెప్పాలి."

"పోనీయండి ఆంటీ, నా గురించి మీరిద్దరు కొట్లాడకండి. 'మనిషి కనబడలేదు' అని రాసుకుని పోత. ఆ వార్తల సౌండు జర తగ్గించండి, వైశాలికి ఫోన్ చేసుకుంట."

"తగ్గించకు ఛాయా. కూర్చో నిరంజన్. మనిషి కనబడలేదని తప్పు రాయకు. ఆ ఆకుపచ్చ చీరలో వార్తలు చదువుతోందే, అదే మా మూడో నంబరు."