చివరి స్తంభం జనరేటర్

పాపకు ఆయాసం వచ్చినప్పుడు పెట్టే నెబ్యులైజర్ మధ్యలో ఆగిపోతుందేమోనన్నదే ఆ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం. వీధి చివరనున్న ఆమె ఇంటికి చేరేసరికి కరెంటు నీరసించిపోతుంది. అందుకే, వీధి తీగలకు కరెంటు అందించే జనరేటర్ పెట్టడానికి చోటు చూడవచ్చిన ఇంజనీరును గుమ్మం ముందే ఆపేసింది.

“అన్నయ్యగారూ, మీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా పెద్దది పెట్టండి.”

“అంత పెద్దది ఈ చివర పెడితే వోల్టేజీ పెరిగిపోయి నీ మిషనే కాలిపోతుంది తల్లీ. చిన్నది చాలు.”

“పోనీ, దానికి తోడుగా ఇంకో చిన్నది పెట్టండి.”

“అత్తారింటికి పంపుతున్నామా ఏమిటి, తోడు పంపడానికి?”

“అయితే ఆ ఒక్కటీ మా కిటికీ కిందే పెట్టండి. నా కళ్ళెదుట ఉంటుంది.”

“దాని పొగంతా పాపకు పట్టిద్దామనా?”

“అమ్మో, వద్దు!”

“చివరి స్తంభం దగ్గర పెడతాను. నీకు కరెంటు నిండుగా వస్తుంది, పొగ మాత్రం రాదు.”

“మరి రాత్రిపూట చలికి దానికి దుప్పటి కప్పమంటారా?”

“కప్పేవు సుమా! ఊపిరాడక ఆగిపోతుంది.”

ఆమె అప్పటిదాకా ఒక్క పాప ఊపిరినే కనిపెట్టుకుని ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి. మీరు అటువైపు వెళ్తే, ఆ తల్లి కాస్త కునుకు తీసిందో లేదో చూసి రండి.